కణంలో ఏ గదిలో కొలిచారు బాబూ?

మొన్నామధ్య ఆఫీసులో భోజనాల దగ్గర ఓ చర్చ నడిచింది. 2024లో రసాయనశాస్త్రం నోబెల్‌లో సగం ఆల్ఫాఫోల్డ్ చేసిన హస్సాబిస్, జంపర్‌లకి వెళ్ళిన దగ్గర్నుంచీ మా టీములో కొందరికి ఓ నమ్మకం బాగా ముదిరిపోయింది. డీఎన్‌ఏ అంటే సోర్సు కోడు, ప్రోటీన్లంటే బైనరీలు, ఓ పదివేల జీపీయూలు పారేస్తే కణం మొత్తాన్ని సిమ్యులేట్ చేసి పారెయ్యొచ్చు, ఇక పరీక్షనాళికలు పట్టుకుని కూర్చునేవాళ్ళకి పని ఉండదు... ఇదీ వరస. చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా ఇంటర్ తర్వాత రసాయనశాస్త్రం ముట్టుకున్నవాళ్ళు కారు. (నేనూ అంతేలెండి. కాకపోతే ఈమధ్య కాస్త పిచ్చిగా చదువుతున్నాను.)

నేను దీన్ని ఒప్పుకోను. ఆల్ఫాఫోల్డ్ గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ అది నేర్చుకున్నది దేన్నుంచి? 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులోని లక్షన్నర పైచిలుకు నిర్మాణాల నుంచి. వాటిలో చాలావరకు ఎవరో ఒకరు స్ఫటికాలు పెంచి, ఎక్స్‌రేలు కొట్టి, ఏళ్ళ తరబడి చచ్చీ చెడీ తీసినవి. సరే, ఆకారాలకైతే అలాంటి బ్యాంకు ఒకటి ఉంది కాబట్టి పని జరిగింది. బతికున్న కణంలో ఏ చర్య, ఏ మూల, ఏ క్షణంలో, ఎంత వేగంగా జరుగుతోందో చెప్పే బ్యాంకు ఎక్కడుంది? ఆ సమాచారం రావాలంటే ముందు దాన్ని కొలిచే పనిముట్టు ఉండాలి. ఆ పనిముట్టు ఓ అణువు. దాన్ని ఎవరో ఒక కెమిస్టు కూర్చుని తయారుచెయ్యాలి. నా వాదన ఇంతే: ఈ రోజు కణం గురించి మనకి కరువైంది లెక్కలు వేసే శక్తి కాదు, నమ్మదగిన కొలతలు. వాటిల్లోనూ ముఖ్యంగా "ఎక్కడ" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే కొలతలు.

నా ఉద్యోగం ప్రొడక్షన్లో నడిచే సర్వర్ల మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్ రాయడం. లాగులు (తొడుక్కునేవి కాదు, సర్వర్లు రాసేవి), మెట్రిక్కులు, అలర్టులు, ఇదే నా లోకం. ఈ పనిలో చేరిన మొదటి నెలలోనే ఎవరైనా నేర్చుకునే సంగతి ఒకటుంది. వంద సర్వర్ల సగటు చూసి అంతా బాగుందని నిద్రపోకూడదు. తొంభైతొమ్మిది ఖాళీగా ఉండి ఒక్కటి తగలబడిపోతున్నా సగటు చక్కగా నవ్వుతూనే ఉంటుంది.

కణం సంగతీ అచ్చం ఇదే. బయట్నుంచి చూస్తే సూక్ష్మమైన సంచీ. లోపలికెళ్తే గదులే గదులు. మామూలు కణద్రవంలో పీహెచ్ 7.2 దగ్గర ఉంటే, చెత్తని అరిగించే లైసోజోములో 4.5 నుంచి 5 దాకా ఉంటుంది. మైటోకాండ్రియా లోపలి గదిలో 8కి దగ్గరగా ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పదిరెట్లు కాబట్టి, లైసోజోముకీ దాని పక్కనున్న కణద్రవానికీ ఆమ్లత్వంలో కొన్ని వందల రెట్ల తేడా అనమాట. మధ్యలో అడ్డం ఉన్నదల్లా పల్చటి పొర. ఒకే ఎంజైము ఓ గదిలో పనిచేస్తుంది, పక్క గదిలో చచ్చినట్టు పడుంటుంది. మన రక్తంలో ఎర్రదనానికి కారణమైన హీమ్ తయారవడానికి ఎనిమిది మెట్లుంటే, మొదటిది మైటోకాండ్రియాలో, తర్వాతి నాలుగూ బయట కణద్రవంలో, చివరి మూడూ మళ్ళీ మైటోకాండ్రియాలో జరుగుతాయి. ఫైలు మూడు ఆఫీసులు తిరిగినట్టు!

మరి ఇన్ని గదులున్న ఇంటిని జీవరసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఎలా పరిశీలించారయ్యా అంటే, మిక్సీలో వేసి రుబ్బి. నిజంగానే. కాలేయాన్నో, ఈస్టునో రుబ్బి, వచ్చిన పచ్చడిలో ఏది ఎంతుందో లెక్కపెట్టేవాళ్ళు. దీన్ని మరీ తీసిపారెయ్యకూడదు. బెల్జియంలో క్రిస్టియన్ డి డూవ్ లైసోజోముని పట్టుకున్నది ఈ దారిలోనే. ఎలుక కాలేయాన్ని నెమ్మదిగా రుబ్బి చూస్తే ఓ ఎంజైము ఉండాల్సినంత కనబడలేదు. అదే నమూనాని ఫ్రిజ్‌లో కొన్ని రోజులుంచి మళ్ళీ కొలిస్తే అమాంతం పెరిగింది! ఇంకొకరైతే మొదటి కొలత తప్పుపోయిందిలే అని చెరిపేసేవారు. ఆయన మాత్రం ఆ ఎంజైము ఏదో సంచీలో దాక్కుని ఉందనీ, సంచీ చినిగాక బయటపడిందనీ ఊహించాడు. 1955కల్లా ఆ సంచీకి లైసోజోము అని పేరు పెట్టాడు, 1974లో నోబెల్ పంచుకున్నాడు.

కానీ రుబ్బితే పోయేవి పోతాయి. ఈ సంగతి బాగా తెలియాలంటే గ్లుటాథయోన్ కథ చూడాలి. కణంలో ఆక్సీకరణ ఒత్తిడి ఎంతుందో చెప్పడానికి అందరూ వాడే కొలబద్ద ఇది. మామూలు రూపమెంత, ఆక్సీకరణం చెందిన రూపమెంత అని చూసి, రెండోది పెరిగితే కణం కష్టంలో ఉందని తేల్చేవారు. కొలిచేదంతా రుబ్బిన పచ్చడిలోనే. తర్వాత ఆక్సీకరణాన్ని బట్టి వెలుగు మార్చుకునే రోజీఎఫ్‌పీ అనే ప్రోటీన్లు వచ్చాయి. వీటిని బతికున్న కణంలో, కావాల్సిన గదిలోకే పంపొచ్చు. 2013లో హైడెల్‌బర్గ్‌లో టోబియాస్ డిక్ బృందం ఈస్టు మీద వీటిని వాడి తేల్చిందేంటంటే, ఎంత ఒత్తిడి పెట్టినా కణద్రవంలో ఆక్సీకరణ రూపం పెద్దగా పేరుకోవట్లేదు. వెంటనే మామూలు రూపానికి మార్చలేకపోయినదాన్ని కణం గబగబా మోసుకెళ్ళి వాక్యువోల్ అనే గోడౌన్లో పడేస్తోంది. రుబ్బినప్పుడు లెక్కకొచ్చినదంతా ఆ గోడౌన్ సరుకే! అంటే మొత్తం కణానికి కొలిచిన ఆ అంకె కణద్రవం గురించి ఏమీ చెప్పదు. కణద్రవం వాళ్ళు అనుకున్నదాని కన్నా ఓ 100 మిల్లీవోల్టుల మేర ఎక్కువ క్షయకరణ స్థితిలో ఉందట. ఎన్ని సిద్ధాంత గ్రంథాలు ఆ పాత అంకె మీద నిలబడ్డాయో ఆలోచించండి.

ఇక్కడ మన ఊరి మనిషి ఒకాయన్ని తల్చుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టాడు, హార్వర్డ్‌కి వెళ్ళాడు, మందులు కనిపెట్టాడు. ఇంతవరకూ మనందరం స్కూల్లో చదువుకున్నాం. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలుకి హెట్రజాన్ అని జాబితా కూడా అప్పజెప్తాం. కానీ ఆయన పేరు మోసిన మొదటి పని ఏ మందూ కాదు. ఫాస్ఫరస్‌ని కొలిచే ఓ పద్ధతి. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించాడు. ద్రవంలో ఫాస్ఫేటు ఎంతుంటే అంత నీలం రంగు వస్తుంది, ఆ రంగు చూసి ఎంతుందో చెప్పెయ్యొచ్చు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దాన్ని తరతరాల జీవరసాయన విద్యార్థులు వాడారు.

అసలు కథ తర్వాత ఉంది. కండరం నుంచి తీసిన రసం మీద ఆ పద్ధతి వాడితే నీలం రంగు రావాల్సినట్టు రాలేదు. వచ్చి ఆగకుండా మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. మనమైతే ఏం చేస్తాం? ఫ్లేకీ టెస్టు అని పక్కన పెట్టి సాయంత్రం బిల్డు తోసేస్తాం :) వాళ్ళు మాత్రం పనిముట్టు ఎందుకలా వంకరపోతోందని పట్టుబట్టారు. కండరంలో సాధారణ ఫాస్ఫేటు అని అందరూ లెక్కేస్తున్నదాంట్లో ఎక్కువ భాగం నిజానికి వేరే పదార్థమనీ, కొలవడానికి పోసిన ఆమ్లంలోనే అది విరిగిపోయి ఫాస్ఫేటుగా కనబడుతోందనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. కొలిచే పద్ధతే కొలవాల్సిన వస్తువుని పాడుచేస్తోందని కనిపెట్టడం వల్ల వచ్చిన ఆవిష్కరణ ఇది. రెండేళ్ళకి, 1929లో, ఏటీపీని కూడా బయటికి లాగారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నాడు. మనం ఆయన మందుల్ని తల్చుకుని దండలేస్తాం గానీ ఆ నీలం రంగు గురించి ఒక్కరూ మాట్లాడరు. నా దృష్టిలో మందులకన్నా అదే పెద్ద పని. మీరు కాదంటే వాదించుకుందాం.

అదే ఏటీపీ దగ్గరికి వద్దాం. మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్ అని ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. అక్కడే తయారవుతుంది కాబట్టి అక్కడే ఎక్కువుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది కదా? 2009లో జపాన్‌లో ఇమామురా బృందం ఏటీపీ తగిలితే రంగు మార్చుకునే ఓ ప్రోటీన్ తయారుచేసి, దాన్ని గదికొకటి చొప్పున పంపి చూసింది. మానవ కణాల్లో మైటోకాండ్రియా లోపలి గదిలోనే ఏటీపీ తక్కువ, కణద్రవంలో, కేంద్రకంలో ఎక్కువ! ఆలోచిస్తే వింతేమీ లేదు. రైస్‌మిల్లులో బియ్యం నిల్వ ఉండవు, ఆడినవి ఆడినట్టు లారీలెక్కిపోతాయి. ఇక్కడ లారీ పని చేసే ప్రోటీన్ గురించి అంతకు ముందే తెలుసు. కానీ సుబ్బారావుగారు ఏటీపీ చూసిన ఎనభై ఏళ్ళకి గానీ బతికున్న కణంలో గదివారీగా దాన్ని పోల్చి చూడటం కుదరలేదు. ఆ ఎనభై ఏళ్ళూ తక్కువైంది సిద్ధాంతం కాదు, పనిముట్టు.

కాల్షియం కథ ఇంకా ముచ్చటైనది. మైటోకాండ్రియా తలుపు తెరుచుకుని కాల్షియం లోపలికి పోవాలంటే కణద్రవంలో మామూలుగా ఉండేదానికన్నా చాలా ఎక్కువ కావాలని పరీక్షనాళికలో తేలింది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆ తలుపుకి పెద్దగా పని లేదని చాలామంది వదిలేశారు. 1992లో ఇటలీలోని పాడువాలో రిజ్జుటో, పొజాన్ బృందం జెల్లీ చేప నుంచి వచ్చే ఎక్వోరిన్ అనే వెలిగే ప్రోటీన్‌కి మైటోకాండ్రియా చిరునామా తగిలించి పంపింది. కణానికి సంకేతం అందగానే క్షణాల్లో మైటోకాండ్రియాలో కాల్షియం ఎగసిపడటం కనబడింది. ఎలా? ఊరంతా సన్నటి జల్లే పడినా చూరు కింద పెట్టిన బిందె గబగబా నిండుతుంది కదా, అలా. కాల్షియం వదిలే ఎండోప్లాస్మిక్ రెటిక్యులానికీ మైటోకాండ్రియాకీ మధ్య ఇరుకు సందులున్నాయి. ఆ సందుల్లో గాఢత సగటుకన్నా చాలా ఎక్కువ. ఆ తలుపు ఏ ప్రోటీనో తేలడానికి మాత్రం 2011 దాకా ఆగాల్సొచ్చింది. ఒకేసారి రెండు బృందాలు పట్టుకున్నాయి. ఒకటి పాడువాది, రెండోది అమెరికాలో వంశీ మూథాది. (పేరు చూడగానే మీ చెవులు నిక్కబొడుచుకున్నాయని తెలుసు, కానీ ఇక్కడ విషయం కాల్షియం!)

చిరునామా అన్నాను కదా, అదేంటో చెప్పాలి. ప్రోటీన్ మొదట్లో ఉండే కొన్ని అమైనో ఆమ్లాల వరసే పిన్‌కోడు. అది చూసి కణమే దాన్ని సరైన గదికి చేరవేస్తుంది. గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది ఈ సంగతికే. కాబట్టి పనిముట్టు ప్రోటీన్ అయితే పిన్‌కోడు అతికించి, దాని జన్యువుని కణంలోకి ఎక్కిస్తే చాలు. పనిముట్టు చిన్న అణువైతే ఆ సౌకర్యం లేదు, కెమిస్టు తెలివి వాడాలి. 1981లో రోజర్ చెన్ వాడిన ఎత్తు చూడండి. ఆవేశం ఉన్న అణువు పొర దాటి లోపలికి పోదు. దానికి ఎస్టరు అనే ముసుగులు తొడిగి పంపాడు. లోపలికెళ్ళాక కణంలోని ఎంజైములే ఆ ముసుగులు కోసేస్తాయి. ఇక అది బయటికి రాలేదు, లోపలే బందీ. కణం ఎంజైముల చేతే తలుపు మూయించాడనమాట! ఈయనకే 2008లో జీఎఫ్‌పీకి నోబెల్‌లో వాటా వచ్చింది.

మైటోకాండ్రియాకైతే ఇంకో కిటుకుంది. దాని లోపలి పొరకి అటూ ఇటూ 150 నుంచి 180 మిల్లీవోల్టుల తేడా, లోపల రుణం. ట్రైఫినైల్‌ఫాస్ఫోనియం అని ధనావేశం ఉన్న, కొవ్వు పొరల్లోంచి జారిపోగల ఓ తోక ఉంది. ఏ అణువుకైనా దాన్ని తగిలిస్తే, ప్రతి 60 మిల్లీవోల్టులకీ పదిరెట్ల చొప్పున లోపల పోగవుతుంది. అంటే బయటికన్నా లోపల కొన్ని వందల రెట్లు. ఎంత అందమైన ఏర్పాటో!

అందమైనదే కానీ ఇక్కడే గోతిలో పడేది కూడా. కణం జబ్బుపడితే ఆ వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు రంగు తక్కువ చేరుతుంది, వెలుగు తగ్గుతుంది. చర్య తగ్గిందా, లేక పనిముట్టే లోపలికి పోలేదా? డాష్‌బోర్డు మీద ఎర్రర్లు సున్నాకి పడిపోయాయని సంబరపడితే, తీరా చూస్తే లాగులు పంపే ఏజెంటే చచ్చిపోయి ఉంటుంది చూశారా, అదే ఇది. కేంబ్రిడ్జ్‌లో మైక్ మర్ఫీ బృందం దీనికి 2011లో చూపించిన జవాబు నాకు భలే నచ్చింది. మైటోబీ అనే అణువు తోకతో లోపలికి పోతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే మైటోపీగా మారుతుంది. మొత్తం వెలుగెంత అని చూడకుండా, మారింది ఎంత, మారకుండా మిగిలింది ఎంత అని రెండింటి నిష్పత్తి తీస్తారు. లోపలికి ఎంత పోయిందన్నది నిష్పత్తిలో కొట్టుకుపోతుంది. దీన్ని డిష్‌లో పెంచిన కణాల్లో కాదు, బతికి ఎగురుతున్న ఈగల్లో చేశారు.

అన్ని పనిముట్లూ ఇంత నిజాయితీగా ఉంటే నేనీ టపా రాసేవాణ్ణి కాను. ఆక్సీకరణ ఒత్తిడి కొలవడానికి ప్రపంచమంతా విచ్చలవిడిగా వాడే డీసీఎఫ్‌హెచ్ అనే రంగు ఉంది. చవక, వాడటం తేలిక, ఆకుపచ్చగా వెలుగుతుంది, ఫొటో బాగా వస్తుంది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరపదు. మధ్యలో ఇనుమో, పెరాక్సిడేజో, సైటోక్రోమ్-సీయో ఉండాలి. కణంలో ఇనుము ఓ చోటి నుంచి ఇంకో చోటికి కదిలినా వెలుగు పెరుగుతుంది, చదివేవాడు మాత్రం పెరాక్సైడ్ పెరిగిందనుకుంటాడు. అంతకన్నా ఘోరం, ఆ రంగు మారే దారిలో పుట్టే మధ్యస్థ పదార్థం ఆక్సిజన్‌తో కలిసి సూపర్ఆక్సైడ్‌ని తనే పుట్టిస్తుంది. లాగ్ రాసే కోడే ఎర్రర్లు విసిరి, వాటిని మళ్ళీ లాగ్ చేస్తుంటే ఎలా ఉంటుంది? దాన్ని చూపించి సర్వర్ పాడైపోయిందని రిపోర్టు రాస్తే మన మేనేజరు ఊరుకుంటాడా?

మైటోసాక్స్ అనే ఇంకోటుంది, మైటోకాండ్రియాలో సూపర్ఆక్సైడ్‌కి. ఎర్రగా వెలుగుతుంది. కానీ సూపర్ఆక్సైడ్‌తో వచ్చేదీ, వేరే ఆక్సీకరణాలతో వచ్చేదీ రెండూ ఎర్రగానే వెలుగుతాయి. విడదియ్యాలంటే హెచ్‌పీఎల్‌సీ చెయ్యాలి. ఎక్కువ పోస్తే మైటోకాండ్రియానే దెబ్బతీస్తుంది. ప్రోటీన్ పనిముట్లు కూడా ముత్యాలేం కావు. 2006లో వచ్చిన హైపర్ పెరాక్సైడ్‌తో పాటు పీహెచ్ మారినా వెలుగు మారుస్తుంది. అందుకని బుద్ధిమంతులు దాని పక్కన సైఫర్ అని ఓ కవలని కూడా వాడతారు. పెరాక్సైడ్‌ని పట్టుకునే చెయ్యి విరిచేసిన హైపర్ అది, పీహెచ్‌కి మాత్రమే స్పందిస్తుంది. రెండూ ఒకేలా కదిలితే అది పెరాక్సైడ్ కాదన్నట్టు. 2020లో పీహెచ్‌కి చలించని హైపర్7 వచ్చి ఈ బాధ చాలావరకు తీర్చింది.

2022లో నేచర్ మెటబాలిజంలో మర్ఫీ, మరికొందరు పెద్దలు కలిసి వీటి కొలతల మీద మార్గదర్శకాలు రాశారు. వెళ్ళి చదవండి, మన కోడింగ్ గైడ్‌లైన్స్ లాగే ఉంటుంది. ఏ పదార్థాన్ని కొలుస్తున్నారో పేరు పెట్టి చెప్పండి, అన్నింటినీ కలిపి ఒకే మూటగా పిలవకండి అన్నది ముఖ్యమైన గొడవ. కొలవడమే కాకుండా చర్యని మనమే పుట్టించి చూడమని కూడా అంటారు. డి-అమైనో ఆమ్లాలని తిని పెరాక్సైడ్ విడిచే ఎంజైముని కావాల్సిన గదిలో పెట్టి, పైనుంచి డి-అలనీన్ పోస్తే, పోసినంత మేర ఆ గదిలోనే పెరాక్సైడ్ పుడుతుంది. ప్రొడక్షన్లో కావాలని ఓ సర్వర్ పీకి చూసే కేయాస్ ఇంజనీరింగ్ గుర్తొచ్చింది నాకు.

ఆలిస్ టింగ్ వాళ్ళ ఎపెక్స్ గురించి రెండు ముక్కలు. ఓ గదిలో ఎంజైముని పెట్టి, ఒక్క నిమిషం పాటు చుట్టుపక్కలున్న ప్రోటీన్లన్నింటికీ ముద్ర కొట్టించి, తర్వాత ముద్రలున్నవాటిని ఏరుకుంటారు. 2013లో మైటోకాండ్రియా లోపలి గదిలో 495 ప్రోటీన్ల జాబితా తీస్తే, వాటిలో 31 అంతకుముందు మైటోకాండ్రియాతో సంబంధమే లేవనుకున్నవి. అయితే ఆ ఒక్క నిమిషం కోసం కణం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యాలి. దాన్నే కొలవాలనుకునేవాడికి ఇది పనికిరాదు. ఏ పనిముట్టూ ఊరికే రాదు.

ఇదంతా ల్యాబుల్లో వాళ్ళ గొడవ, మనకెందుకు అంటారా? మా బాబాయ్ రిటైరయ్యాక కొత్తగా ఓ అలవాటు చేసుకున్నాడు. ఫ్యామిలీ గ్రూపులో రోజుకో ఫార్వర్డు. "కణశక్తిని పెంచే" కాప్స్యూళ్ళు, మైటోకాండ్రియాని శుభ్రం చేసే పొడులు, పసుపు సారం. కింద సైంటిఫిక్‌గా నిరూపితం అని ఉంటుంది, పక్కన ఆకుపచ్చగా వెలిగే కణాల ఫొటో ఒకటి. పెన్షన్లోంచి నెలకింతని పోస్తున్నాడు. షుగరు మాత్రలు మాత్రం ఒక్కోసారి మర్చిపోతాడు. పిన్ని నాకు ఫోన్ చేసి నువ్వన్నా చెప్పరా అంటుంది. ఏం చెప్పాలి? "బాబాయ్, ఆ ఆకుపచ్చ రంగు దేందో, ఏ గదిలోదో కనుక్కో" అంటే వింటాడా!

పసుపు సంగతే తీసుకోండి. మన వంటింటి దినుసు కాబట్టి మనకి అభిమానం, నాకూ ఉంది. కానీ అందులోని కర్క్యుమిన్ పనిముట్ల పాలిట ఓ పీడకల. తనే వెలుగుతుంది, కాబట్టి వెలుగుని కొలిచే పరీక్షల్లో దూరిపోతుంది. ప్రోటీన్లకి అతుక్కుంటుంది, ముద్దలు కడుతుంది. సీరం లేని మామూలు పీహెచ్ ద్రావణంలో అరగంటలోపే చాలా భాగం విరిగిపోతుంది. ఇలాంటి అణువుని డిష్‌లో కణాల మీద పోసి వెలుగు మారిందని చూపిస్తే దేన్ని నమ్మాలి? 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన ఓ సుదీర్ఘ సమీక్ష, 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా రెండు వైపులా తెలియకుండా ప్లసీబోతో పోల్చిన వాటిల్లో ఒక్కటీ నెగ్గలేదని రాసింది. పప్పులో పసుపు వెయ్యొద్దనట్లేదు. కాప్స్యూలు కొనే ముందు కొలత ఎలా చేశారో అడగమంటున్నాను.

పనిముట్టు బాగున్నా, గది సరైనదే అయినా మందు పనిచేస్తుందని హామీ లేదు, అదీ చెప్పాలి. ఇందాకటి ఫాస్ఫోనియం తోకనే ఓ యాంటీఆక్సిడెంటుకి తగిలించి మైటోక్యూ అని చేశారు. డిష్‌లో, జంతువుల్లో ఆశ కలిగించింది. పార్కిన్సన్స్ జబ్బున్న 128 మందికి న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో ఏడాది పాటు ఇచ్చి చూస్తే ప్లసీబోకీ దానికీ తేడా కనబడలేదని 2010లో ప్రచురించారు. అలా ప్రచురించడం నిజాయితీ. అదే అణువు ఇప్పుడు సప్లిమెంటుగా అమ్ముడవుతోంది. ప్రకటనల్లో ఆ 128 మంది సంగతి నేనైతే చూడలేదు.

మన దగ్గరికొస్తే, హైదరాబాదులో రసాయనశాస్త్రానికి లోటా? తార్నాక దాటి ఉప్పల్ వైపు వెళ్తే ఒకే రోడ్డు మీద అణువులు చేసే ఐఐసీటీ, కణాలు చదివే సీసీఎంబీ పక్కపక్కనే ఉంటాయి. ఊరి చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. క్లిష్టమైన అణువుని చవగ్గా, టన్నుల్లెక్కన చెయ్యడంలో మనవాళ్ళ చెయ్యి గొప్పది, ప్రపంచం ఒప్పుకున్న సంగతే. నా బాధ వేరు. మన ఇళ్ళల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్ల అంటే "ఏదైనా ఫార్మా కంపెనీలో క్యూసీలో చేరు, లేదా సాఫ్ట్‌వేర్ నేర్చుకో" అనే సలహా తప్ప ఇంకోటి రాదు. కొలిచే అణువుని కనిపెట్టడం అనేది ఓ జీవితకాలపు పని కాగలదని ఎవరూ చెప్పరు. మందు కనిపెడితే పేపర్లో ఫొటో వస్తుంది. మిల్లీగ్రాములు చాలు, లాభం రాదు, కానీ వెయ్యి ల్యాబులు దాని మీద ఆధారపడతాయి... ఇలాంటి పనికి ఫొటో రాదు. 2022లో బెర్టోజ్జీకి నోబెల్ వచ్చింది మందుకి కాదు. బతికున్న కణంలో మిగతా దేన్నీ కదిలించకుండా, రాగి లాంటి విషం వాడకుండా, రెండు అణువుల్ని కలిపే చర్యలకి. ఆవిడ వాటికి పెట్టిన పేరుకి తెలుగు చెయ్యడానికి రెండ్రోజులు తన్నుకుని వదిలేశాను :) ఎవరికైనా తడితే చెప్పండి.

మనలో చాలామంది ఇప్పుడు ఫార్మా క్లయింట్లకి, జీనోమిక్స్ కంపెనీలకి డేటా పైప్‌లైన్లు కడుతున్నారు. మీ టేబుల్లో "సిగ్నల్ విలువ" అని ఓ కాలమ్ ఉంటుంది, దశాంశం తర్వాత నాలుగు స్థానాలతో. ఏ రంగు వాడారు, ఎంత గాఢతలో, ఏ గదికి పంపారు, వోల్టేజీ పడిపోలేదని ఎలా చూశారు, కవల కంట్రోలు ఉందా... వీటికి కాలమ్స్ ఉన్నాయా? మా స్నేహితుడి ప్రాజెక్టులో ఇవన్నీ కలిపి "కామెంట్స్" అనే ఒకే టెక్స్ట్ ఫీల్డులో పడున్నాయట, సగం ఖాళీ. మోడల్ ట్రైనింగుకి ముందు ఆ ఫీల్డునే మొదట డ్రాప్ చేస్తారట. మీ దగ్గర ఎలా ఉందో చూసి చెప్పండి.